కన్నె కాయితం

కాన్పుకేమో అనుకుని పెద్దింట్లమ్మ పరుగున వెళ్ళింది. పొద్దున్నే వీరాస్వామి శెట్టిగారింటి నుంచి మనిషి వచ్చి ఉన్నపళంగా రమ్మన్నారని చెబితే, తాగుతున్న గంజి అక్కడే వదిలేసి, ఆముదం బుడ్డీ పాతగుడ్డల మూటా చంకన పెట్టుకుని, కోటిలింగాల రేవు నుంచి బజారు వీధి దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. తీరా వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో నెలలు నిండిన మనిషే లేదు. వసారాలో చాపల మీద నలుగురు మగవాళ్ళు బారున కూర్చుని ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు. మంత్రసానితో మగవాళ్ళకేం పని? ఆవిడకి అక్కడే ఒళ్ళు మండింది.

పెద్దింట్లమ్మ చేపలు పట్టుకుని బతికేవాళ్ళ ఇంటి ఆడది. మొగుడు బుల్లియ్య గోదావరిలో వల వేస్తాడు, ఆవిడ పురుళ్ళు పోస్తుంది. రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్ళకి పైగా అదే పని. ఆ బజారు వీధిలో మీసాలు దువ్వుకుంటూ తిరిగే మగవాళ్ళలో సగం మంది మొట్టమొదట ఏడ్చింది ఆవిడ చేతుల్లోనే. అలాంటి మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, కూర్చోమని కూడా అనకుండా, శెట్టిగారు గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు.

"అమ్మణ్ణికి మళ్ళీ పెళ్ళి కుదిరింది, పెద్దింట్లూ."

ఆ మాట వినగానే ఆవిడ కోపమంతా దిగిపోయింది. అమ్మణ్ణి శెట్టిగారి ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదో ఏట మెడలో పుస్తె కట్టించారు. ఏడాది తిరక్కుండానే ఆ పెళ్ళికొడుకు కుర్రాడు కలరా వచ్చి పోయాడు. వాడి మొహం కూడా ఆ పిల్లకి గుర్తులేదు, వాళ్ళ గడప తొక్కనే లేదు. అయినా ఆనాటి నుంచీ గాజుల్లేవు, పువ్వుల్లేవు, పేరంటానికి పిలుపు లేదు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. చింతపండు గోనెలు పేర్చిన వెనకింటి గదిలో ఆమె బతుకు అలా తెల్లారిపోతోంది.

"ఎంత చల్లటి కబురు చెప్పారండీ బాబూ!" అంది పెద్దింట్లమ్మ. "ఎవరండీ పెళ్ళికొడుకు?"

"ఇన్నీసుపేట బళ్ళో పంతులు. వెంకటసుబ్బారావు అని, మా కులంవాళ్ళే. మొదటి భార్య పోయింది. ఇదిగో, ఈయన ఆయన మేనమామగారు."

మేనమామగారు తల ఆడించాడు. ఆయన పక్కన నల్లకోటు వేసుకున్న వకీలుగారు ఉన్నాడు. వితంతువులకు మళ్ళీ పెళ్ళిళ్ళు చేయించాలని ఊళ్ళో కొందరు పెట్టుకున్న సభకి ఆయనే పెద్ద. ఆ పక్కన పెళ్ళి చేయించడానికి ఒప్పుకున్న శాస్త్రులుగారు కళ్ళు దించుకుని కూర్చున్నాడు. వకీలుగారు గొంతు సవరించుకున్నాడు.

"చూడు, ఈ పెళ్ళి అంటే గిట్టనివాళ్ళు ఊరి నిండా ఉన్నారు. రేపు ఎవరూ వేలెత్తి చూపించకూడదు. కన్యగా ఉండిపోయిన వితంతువుకి మళ్ళీ పెళ్ళి చెయ్యొచ్చని శాస్త్రం ఒప్పుకుంటుంది. అమ్మాయి కన్యేనని రుజువుంటే పెళ్ళికొడుకు వైపువాళ్ళకీ నిబ్బరంగా ఉంటుంది. నువ్వు లోపలికి వెళ్ళి చూసిరా. నేను కాయితం రాస్తాను. నువ్వు కింద సంతకానికి బదులు నిశాని గియ్యాలి."

పెద్దింట్లమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చెంగు నడుముకి బిగించింది.

"నా మొదటి మొగుడు పడవ తిరగబడి పోయాడండి. మూడో ఏడు ఈ బుల్లియ్యని మారుమనువాడాను. నాకో చీర పెట్టాడు, కులపోళ్ళకి ఓ పూట అన్నం పెట్టాడు. అంతేనండి. నన్నెవరూ పడుకోబెట్టి చూళ్ళేదు."

"మీ సంగతి వేరు," అన్నాడు మేనమామగారు, మొహం చిట్లించుకుని.

"వేరేనండి, ఆయ్. మా ఇళ్ళల్లో కన్నెపిల్లంటే పెళ్ళి కావలసిన పిల్ల. అంతకుమించి ఆ మాటకి అర్థం నాకు తెలీదు. తెలిసినోరు చెప్పండి. శాస్తుర్లుగోరూ, మీరు చెప్పండి. కన్య అంటే ఏంటండీ? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?"

శాస్త్రులుగారు ఇబ్బందిగా కదిలాడు. అబద్ధం చెప్పడం చేతకాని ముసలాయన. ఎదుట ఉన్న మగవాళ్ళకి కోపం తెప్పించడం కూడా చేతకాదు, అదే ఆయనకి వచ్చిన చిక్కు.

"పాతవాళ్ళు రెండు మూడు రకాలుగా చెప్పారు," అన్నాడు. "ఈ పిల్లని ఎవరికివ్వాలి అని ఇంట్లో ఆలోచించే వయసున్నది కన్య అని కొందరు. కోరుకోవడం అనే ధాతువులోంచి పుట్టిన మాట అని మరికొందరు. తన కోరిక తనది, ఒకరి చెప్పుచేతల్లో లేనిది, స్వతంత్రురాలు, ఆమె కన్య అని ఒకచోట స్పష్టంగానే ఉంది."

"మరి ఒంటి సంగతండీ?"

"అది... తరవాత తరవాత వచ్చి చేరింది."

"ఎవరు చేర్చారండీ?"

వకీలుగారు విసుక్కుంటూ కలం తీశాడు.

"మరయితే సులువే కదండీ," అంది పెద్దింట్లమ్మ. ఆవిడ గొంతు పెరిగిపోయింది. "కోరిక తనదయితే తనని పిలిచి అడగండి. పెళ్ళి ఇష్టమేనా తల్లీ అని అడగండి. ఔనంటే కన్యే! పెళ్ళికొడుకుగోరికి పెళ్ళయ్యింది, పెళ్ళాంతో కాపరం చేశారు. ఆయన్ని ఎవరు చూశారండీ? ఆయన కాయితం ఏదండీ?"

"నోరు ముయ్యవే!" అని శెట్టిగారు అరిచాడు. అరిచి, వెంటనే గుమ్మం దగ్గరికి వచ్చి, చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "నీకు పుణ్యముంటుంది, పెద్దింట్లూ. ఇది తప్పిపోతే దానికింక పెళ్ళి లేదు. నా తరవాత దాని బతుకేం కాను? వెళ్ళి చూసిరా, అంతే."

ఆ ముసలి తండ్రి కళ్ళల్లో నీళ్ళు చూసి ఆవిడ లోపలికి నడిచింది. నడుస్తూనే ఆ నలుగురినీ పేరుపేరునా తిట్టుకుంది.

వెనకింటి గదిలో అమ్మణ్ణి గోడకి చేరబడి నిలబడి ఉంది. చేతిలో అట్లకాడ.

"నన్ను ముట్టుకుంటే ఊరుకోను, పెద్దింట్లమ్మా. పుట్టినప్పుడు నన్ను ఎత్తుకున్నదానివని కూడా చూడను."

"ముట్టుకోనమ్మా. అది కింద పెట్టు."

అమ్మణ్ణి అది కింద పెట్టలేదు. "వసారాలో వాళ్ళన్న ప్రతి మాటా నాకు వినపడింది. మా ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టేది ఏ తల్లికో తెలుసునా నీకు? ఆ తల్లి పేరే కన్యక. రాజంతటివాడు వచ్చి అడిగితే నాకిష్టం లేదు పొమ్మంది. అందుకు దేవతయింది. ఆవిడ దగ్గరికి ఏ మంత్రసానిని పంపించారు? ఏ వకీలు కాయితం రాశాడు? రోజూ ఆవిడ ముందు లెంపలేసుకునే మా నాన్న, నన్ను చూడ్డానికి నిన్ను పంపించాడు! సిగ్గులేదూ ఆయనకి?"

పెద్దింట్లమ్మ తలుపు దగ్గరగా వేసి, ఓ గోనె మీద కూలబడింది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆ రోజు నోటివెంట వచ్చేసింది.

"నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయమ్మా. మా మేనత్త దగ్గర పని నేర్చుకుంటన్నాను. కోరుకొండ అవతల ఓ ఊళ్ళో లోవమ్మ అని, పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఎవడో ఏదో కూశాడంట. చూసి చెప్పమని పెళ్ళివారు మమ్మల్ని పిలిపించారు. మా అత్తకి చూపు ఆనేది కాదు, నన్ను చూడమంది. ఆవిడ చెప్పిన గుర్తు నాకు కనపళ్ళేదు. లేదని చెప్పేశాను. ఆ పిల్ల నా కాళ్ళు పట్టేసుకుంది, నేనేం చెయ్యలేదక్కా అని. మర్నాడు నూతిలో తేలింది."

అమ్మణ్ణి చేతిలో అట్లకాడ జారి కింద పడింది.

"ఆ తరవాత వందల మందికి పురుళ్ళు పోశాను. కొంతమందికి ఆ గుర్తు పుట్టుకతోనే ఉండదమ్మా. కొంతమందికి బిడ్డ పుట్టేదాకా ఉన్నట్టే ఉంటాది. చూసి చెప్పేది అక్కడేమీ లేదు, ఉత్తిదే. మా అత్తకి తెలీదు, ఆవిడకి నేర్పినోళ్ళకీ తెలీదు. తెలుసుకునేసరికి నేను లోవమ్మని చంపేశాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు, ఎవరూ తిట్టలేదు. ఆ పెళ్ళివారు పూటుగా భోజనం పెట్టి పంపించారు." ఆవిడ ముక్కు చీదింది. "ఇప్పుడా వసారాలోకి వెళ్ళి ఇదే మాట వాళ్ళ మొహాన చెప్పేత్తాను. చూడ్డానికేమీ లేదురా బాబూ, ఇళ్ళకి పొండి అని."

"వద్దు," అంది అమ్మణ్ణి.

"అదేంటమ్మా?"

"ఆ మాట చెబితే మేనమామగారు లేచి వెళ్ళిపోతారు. చూడ్డానికి ఏమీ లేదని నువ్వంటే, వాళ్ళకి నేను కన్యని కానని చెప్పినట్టే." అమ్మణ్ణి కింద కూర్చుని ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "పంతులుగారిని రెండుసార్లు చూశాను, పెద్దింట్లమ్మా. నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. నాకిష్టమే. నాకీ గది వద్దు. ఈ చింతపండు వాసనలో ముసలిదాన్నయి చావలేను. చూశానని చెప్పు. కన్యేనని చెప్పు. నీ మాట ఒక్కటి చాలు, నేను బయట పడతాను."

ఉంది అన్నా అదే అబద్ధం, లేదు అన్నా అదే అబద్ధం. ఆ సంగతి పెద్దింట్లమ్మకి తెలియకపోలేదు. కానీ ఆ చేతులు ఆవిడ మొట్టమొదట పట్టుకున్న చేతులు. ఈ ఒక్కసారికీ అనుకుంది. మనుషులు తప్పు చేసేముందు అనుకునే మాటే కదా అది! కాసేపు గదిలోనే కూర్చుని, బయటికొచ్చి, వకీలుగారు చూపించినచోట నిశాని గీసింది. మేనమామగారు తాంబూలం వేసుకున్నాడు.

మాఘమాసంలో పెళ్ళయింది. శెట్టిగారిని కులం నుంచి వెలివేస్తామన్నవాళ్ళు రెండు నెలలు గోల పెట్టి నోళ్ళు మూసుకున్నారు, ఆ కాయితం చూసి. అమ్మణ్ణి ఇన్నీసుపేటలో కాపరం పెట్టింది. పెద్దింట్లమ్మ ఎప్పుడైనా అటు వెళితే, చేతినిండా గాజులతో ఎదురొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. వెంకటసుబ్బారావు కూడా మంచివాడే. భార్యకి ఇంగ్లీషు అక్షరాలు నేర్పుతున్నాడు, పెళ్ళాం మీద చెయ్యెత్తే రకం కాదు. పెద్దింట్లమ్మకి ఆ ఇల్లు చూస్తే కడుపు నిండిపోయేది. చేసిన తప్పు కూడా ఒప్పయిందనుకుంది.

ఎక్కడ ఒప్పయింది? వకీలుగారు ఊరుకుంటేనా! ఆ కాయితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. చూశారా మా సభ ఎంత పద్ధతిగా చేస్తోందో అని పెద్దవాళ్ళందరికీ చూపించాడు. ఇంకేముంది, వితంతువుని చేసుకుంటామని ముందుకొచ్చిన ప్రతివాడూ ముందు కాయితం ఏదని అడగడం మొదలెట్టాడు. కన్నె కాయితం అని దానికో పేరు కూడా వచ్చింది. ఇదివరకు ఆ పరీక్ష లేకుండానే ఊళ్ళో రెండు పెళ్ళిళ్ళు జరిగాయన్న సంగతి అందరూ మర్చిపోయారు. పెద్దింట్లమ్మ కోసం మనిషి వస్తే నడుం నొప్పని చెప్పి పంపించేసేది. ఆవిడ వెళ్ళకపోతే ఆగుతుందా? అవతలి రేవు మంత్రసాని రత్తమ్మ వెళ్ళేది. రత్తమ్మ చూసేది, తోచింది చెప్పేది.

ఆషాఢంలో ఒక పొద్దున్న, గోదావరి ఎర్రబడి రైలు వంతెన స్తంభాల చుట్టూ సుళ్ళు తిరుగుతున్న రోజుల్లో, వీరవేణి తల్లి తనే స్వయంగా రేవులోకి వచ్చింది. బజారు వీధిలో నూనె కొట్టువాళ్ళు వాళ్ళు. వీరవేణి కూడా అమ్మణ్ణిలాగే చిన్నప్పుడే మొగుడు పోయిన పిల్ల, ఇరవై ఏళ్ళది. తల్లి బురదలో నిలబడి ఏడ్చింది.

"రత్తమ్మ చూసి లేదందే! పెళ్ళివారు లేచిపోతున్నారు. మా ఆయన పిల్లని చంపేస్తానంటున్నాడు. నువ్వు చెబితే మారు మాట్లాడం అన్నారు. మొదటి కాయితం నీదేగా! ఒక్కసారి రావే, నీ కాళ్ళకి దండం పెడతాను."

పెద్దింట్లమ్మ వెళ్ళింది. ఆ ఇంటి వసారాలో పదిహేను మంది దాకా ఉన్నారు. వకీలుగారు ఉన్నాడు, శాస్త్రులుగారు ఉన్నాడు. సభ పని ఎంత బాగా జరుగుతుందో చూపించడానికి వెంకటసుబ్బారావుని కూడా తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు వకీలుగారు. వకీలుగారి చేతిలో అమ్మణ్ణి కాయితం మడత పెట్టి ఉంది.

"ఇదిగో, ఈవిడ చెయ్యి తప్పదు," అని అందరికీ చెప్పాడు. "ఈసారి ఇంటి ఆడవాళ్ళు ఇద్దరు పక్కనే ఉంటారు. వాళ్ళ ఎదురుగా చూడాలి. అప్పుడింక పేచీ ఉండదు."

లోపల వీరవేణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెద్దింట్లమ్మ అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే, "నేనేం చెయ్యలేదు," అంది. అంతే. పెద్దింట్లమ్మకి లోవమ్మ గుర్తొచ్చింది. తన నిశాని లేకపోతే ఈ పిల్ల ఇవాళ ఈ మంచం మీద ఉండేది కాదు. రత్తమ్మని అని ఏం లాభం? దారి వేసింది తనే. మళ్ళీ ఉందని చెబుదామంటే రత్తమ్మ మాటొకటి, తన మాటొకటి. మూడో మంత్రసానిని పిలుస్తారు, నాలుగోదాన్ని పిలుస్తారు. నిజం చెబుదామంటే, ఆ వసారాలో మడత పెట్టి ఉన్న కాయితం అబద్ధమైపోతుంది. దాని మీదే అమ్మణ్ణి కాపరం నిలబడి ఉంది.

వీరవేణి తల్లితో మాత్రం, "నేను తిరిగొచ్చేదాకా పిల్ల దగ్గరికి ఎవరినీ రానీకు," అని చెప్పి, వసారాలో వాళ్ళు పిలుస్తున్నా వినకుండా ఇన్నీసుపేట దారి పట్టింది.

అమ్మణ్ణి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పెద్దింట్లమ్మ జరిగిందంతా చెప్పి, గుమ్మంలో చతికిలబడింది.

"నువ్వు వద్దంటే చెప్పనమ్మా. నీ కాపరం కూల్చే హక్కు నాకు లేదు. కానీ ఆ పిల్ల..."

"ఆ పిల్ల దగ్గరికి వెళ్ళమని రత్తమ్మకి దారి చూపించింది ఎవరు? నేను!" అమ్మణ్ణి చేట పక్కకి విసిరేసింది, బియ్యం ఇల్లంతా చిమ్మాయి. "నేను బయట పడితే చాలనుకున్నాను. నా వెనక తలుపు వేసేసి వచ్చాను. ఛీ! ఎంతసేపు కూర్చుంటావు? లే!"

"మీ ఆయనగోరు అక్కడే ఉన్నారమ్మా."

"ఉండనీ. ఆయన మంచివారు. వింటే ఆయనకీ కోపం వస్తుంది," అంది అమ్మణ్ణి, పాపం.

ఇద్దరూ ఆ వసారా ముందుకొచ్చేసరికి చెమటలు కారుతున్నాయి. ఆడది, అందులోనూ ఇంటి కోడలు, పదిహేను మంది మగవాళ్ళ ముందుకి అలా రావడం చూసి వెంకటసుబ్బారావు గబుక్కున లేచాడు. పెద్దింట్లమ్మ ఎవరికీ నోరెత్తే వ్యవధి ఇవ్వలేదు.

"ఆ కాయితం అబద్ధవండి. నేను చూళ్ళేదు. అమ్మణ్ణమ్మగోరిని ముట్టుకోనైనా లేదు. ఊరికే గదిలో కూర్చుని వచ్చి నిశాని గీశాను."

వసారా అంతా గోల లేచింది. వకీలుగారి మొహం మాడిపోయింది. "అంటే ఈవిడ..." అన్నాడు.

"ఈవిడ సంగతి నాకు తెలీదండి! వీరవేణమ్మగోరి సంగతీ తెలీదు. రత్తమ్మకీ తెలీదు. మీకూ తెలీదు. చూసి చెప్పే గుర్తు ఆడదాని ఒంట్లో ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళ బట్టీ ఈ చేతుల్తో పురుళ్ళు పోత్తన్నాను, నాకు తెలీనిది మీకు తెలుసునా? ఉందన్న మంత్రసాని అబద్ధాలకోరు, లేదన్న మంత్రసాని హంతకురాలు. నేను రెండూ చేశాను. ఇంక చెయ్యను. ఏ పిల్ల మంచం దగ్గరికైనా ఇంకోసారి ఎవరినైనా పంపించారంటే, మీ వీధిలో ఏ ఇంటికీ పురిటికి రాను. మీ కోడళ్ళకి మీరే పురుళ్ళు పోసుకోండి!"

"అబద్ధం చెప్పమన్నది నేను," అంది అమ్మణ్ణి. గొంతు తొణకలేదు. "పెద్దింట్లమ్మ తప్పేమీ లేదు. నాకు పెళ్ళి కావాలనిపించింది, చెప్పించాను."

ఒకరి తరవాత ఒకరు, పదిహేను తలలూ వెంకటసుబ్బారావు వైపు తిరిగాయి. జాలిగా చూసినవాళ్ళు కొందరు, చోద్యం చూసినవాళ్ళు కొందరు, అమ్మణ్ణిని చూసి నవ్వినవాళ్ళు కొందరు. "ఏమండీ, మరి మీ సంగతేంటి?" అని ఎవరో అననే అన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. మంచివాడే, ఇందాకే చెప్పుకున్నాం. కానీ అన్ని కళ్ళు ఒక్కసారి మీద పడితే ఆ మంచితనం ఎటుపోయిందో పోయింది.

"అమ్మణ్ణీ," అన్నాడు. "అయితే... పెళ్ళినాటికి నువ్వు కన్యవేనా?"

అయిదు నెలలు కాపరం చేసిన మొగుడు! పెద్దింట్లమ్మ ఆయన మీదికి ఉరకబోయింది. అమ్మణ్ణి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. ఆయన మొహంకేసి చాలాసేపు చూసింది, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

అప్పటికి శాస్త్రులుగారికి నోరొచ్చింది. "వీరవేణి పెళ్ళి నేను చేయిస్తాను," అన్నాడు లేచి నిలబడి. "ఏ కాయితమూ అక్కర్లేదు. మంత్రసాని చూసి చెప్పాలని నేను చదివిన శాస్త్రంలో ఎక్కడా లేదు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది." లోపల వీరవేణి తల్లి కూతురి గది తలుపు గడియ వేసి, దానికి అడ్డంగా కూర్చుంది. పెళ్ళివారిలో ఇద్దరు లేచిపోయారు. చేసుకునే కుర్రాడు మాత్రం కూర్చునే ఉన్నాడు. ఈ చివరి సంగతులు ఆవిడకి తరవాత తెలిశాయి. అప్పుడు మాత్రం పెద్దింట్లమ్మ శాస్త్రులుగారి వైపు ఒక్క చూపు చూసి, "ఇప్పటికా అండీ!" అని, అమ్మణ్ణి వెనక పరిగెత్తింది.

అమ్మణ్ణి ఇన్నీసుపేట వెళ్ళలేదు, పుట్టింటికీ వెళ్ళలేదు. నేరుగా రేవులోకి నడిచి పెద్దింట్లమ్మ తాటాకు పాకలో కూర్చుంది. వల బాగుచేసుకుంటున్న బుల్లియ్య అది వదిలేసి కంగారుగా లేచాడు.

"శెట్టిగోరి పిల్లని మనింట్లో పెట్టుకుంటే మనల్ని బతకనిత్తారంటే?" అని పెళ్ళాం చెవిలో గొణిగాడు.

"నువ్వు ఊరుకో. చేపల బుట్ట తీసి అవతల పెట్టు."

మూడు రోజులు అమ్మణ్ణి ఆ పాకలోనే ఉంది. వేరే పొయ్యి పెట్టి ఇస్తానంటే వద్దంది. వాళ్ళ కుండలో వండిన అన్నమే మజ్జిగ పోసుకుని తింది. శెట్టిగారు ఒకసారి గట్టు మీద దాకా వచ్చి, కిందికి దిగకుండానే వెళ్ళిపోయాడు. నాలుగో రోజు పొద్దున్న వెంకటసుబ్బారావు వచ్చాడు. పాక ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. కళ్ళు లోతుకి పోయాయి, మూడు రోజులూ నిద్ర లేనట్టే ఉన్నాడు.

"ఇంటికి రా, అమ్మణ్ణీ," అన్నాడు.

అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చింది. "ఎందుకండీ?"

"తప్పు మాట అన్నాను. అందరూ నన్నే చూస్తుంటే నోరు జారింది. నాకు నీ మీద ఏ అనుమానమూ లేదు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను. ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. చాలా?"

"అడిగింది ఎక్కడండీ?"

ఆయనకి అర్థం కాలేదు. "వీరవేణి వాళ్ళ వసారాలో."

"ఎంతమంది ముందు?"

"పదిహేను మంది ఉంటారేమో."

"అడగడానికి పదిహేను మంది కావాలి, వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఈ రేవులో కాకులు చాలా?" అమ్మణ్ణి గొంతు అప్పుడు లేచింది, ఒడ్డున వలలు ఆరేసుకుంటున్నవాళ్ళు తిరిగి చూసేటంతగా లేచింది. "ఆ పదిహేను మందినీ మళ్ళీ పోగు చెయ్యండి. అదే వసారాలో నిలబడండి. నా భార్యని ఆ మాట అడిగే హక్కు నాకు లేదు, మీలో ఎవరికీ ఏ ఆడదాన్నీ అడిగే హక్కు లేదు అని చెప్పండి. నేను వచ్చి వింటాను. విన్నాక ఇంటికి రావాలో వద్దో అప్పుడు ఆలోచించుకుంటాను."

"నవ్వుతారు, అమ్మణ్ణీ."

"నన్ను చూసి నవ్వారు. చచ్చిపోయానా?"

ఆయన తల దించుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, ఒక్కో మెట్టే ఎక్కుతూ గట్టు మీదికి వెళ్ళాడు. పెద్దింట్లమ్మ గుమ్మంలోంచి మెడ సాచి చూసింది.

"బజారు వైపే తిరిగాడమ్మా. ఆ వసారాకే పోతన్నాడేమో. వెళ్ళి చెబుతాడంటావా?"

"చెబితే ఆయనకే మంచిది."

"చెప్పి వచ్చాడనుకో. ఎప్పుడో ఒకనాడు, మీరిద్దరే ఉన్నప్పుడు, మనసు మెత్తబడి... జవాబు చెబుతావా?"

"చెప్పను," అంది అమ్మణ్ణి. "ముసలాడయ్యి మంచాన పడినా చెప్పను. అది నాది, పెద్దింట్లమ్మా. ఔనో కాదో ఆయనకి చచ్చేదాకా తెలియదు. తెలియకుండానే నాతో ఉండగలిగితే ఉంటాడు."